మన మొహం, మన గొంతు ఎదుటివారి మీద ఎలా పనిచేస్తాయి: అంచెలంచెలుగా సరిచేసుకునే మార్గదర్శి

“నేను ఒక్క మాట కూడా అనలేదండీ, అయినా ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.” ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా కొట్లు నడిపేవాళ్ళు, టీచర్లు, నర్సులు, ఇళ్ళలో అత్తాకోడళ్ళు పదేపదే అడిగేది ఇదే. ఏమీ అనలేదన్న మాట నిజమే కావచ్చు. కానీ నొసలు అన్నది, గొంతు అన్నది, విసురుగా పెట్టిన చిల్లర అన్నది.

మన వైపు ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువ. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర ఒడియా, బ్యాంకులో హిందీ. మాట సగమే అర్థమైనప్పుడు మిగతా సగాన్ని ఎదుటివాళ్ళు మన వాలకం చూసి పూరించుకుంటారు. అందుకే ఇక్కడ ముందు ఒంటిని సరిచేసుకుందాం, ఏం మాట్లాడాలన్నది ఆ తర్వాత చూద్దాం. మొత్తానికి మూడు వారాలు పడుతుంది. మొదటి వారం గమనించడానికే, ఒంటి తీరులో ఏదీ మార్చకూడదు.

1. ఒకరి చిరాకు మరొకరికి అంటుకునే దారులు మూడు

మొదటిది అనుకరణ. ఎదుటి మొహం ముడుచుకుంటే మన కనుబొమల మధ్య కండరం కూడా కొద్దిగా బిగుస్తుంది. మనకి తెలియకుండానే. స్వీడన్ పరిశోధకుడు ఉల్ఫ్ డింబెర్గ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో నవ్వు మొహాన్నో కోపం మొహాన్నో సెకనులో నూటికి మూడు వంతులు మాత్రమే చూపించారు. చూశామన్న స్పృహ కూడా ఉండని వేగం అది. అయినా చూసినవాళ్ళ ముఖ కండరాలు దానికి తగ్గట్టే కదిలాయి.

రెండోది ఒంటి నుంచి మనసుకి. బిగిసిన దవడ, పైపైన ఆడే ఊపిరి కాసేపు అలాగే ఉంటే మనసూ చిరాకు వైపు జారుతుంది. ఇంట్లో ఒకరు ధుమధుమలాడుతుంటే గంటలో అందరూ చిటపటలాడేది ఇలాగే.

మూడోది అన్నిటికంటే గట్టిది: “నా వల్లేనేమో” అన్న లెక్క. మన కింద పనిచేసేవాళ్ళు, పిల్లలు, రోగులు, అప్పు అడగడానికి వచ్చినవాళ్ళు మన మొహంలో కారణం వెతుక్కుంటారు. మీకు నడుం నొప్పి. పనమ్మాయికి మాత్రం అది తన మీద కోపం. ఒక ఇంట్లో, ఒక ఆఫీసులో ఎవరిమీద ఎక్కువమంది ఆధారపడి ఉన్నారో వాళ్ళ మొహానికే బరువెక్కువ. అందువల్ల ఈ సాధన పెద్దవాళ్ళతో మొదలవ్వాలి, కుర్రాళ్ళతో కాదు.

2. సిద్ధం చేసుకోవలసినవి

- జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్ను
- వీడియో తీసే ఫోను
- కూర్చుంటే మొహం, భుజాలు కనబడే అద్దం
- మొహమాటం లేకుండా నిజం చెప్పే మనిషి ఒక్కరు. జీతం ఇచ్చేవాణ్ణి, జీతం తీసుకునేవాణ్ణి అడగకండి. చెల్లెలో, తోటి టీచరో, పక్క కొట్టాయనో అయితే మంచిది.

పుస్తకంలో పేజీని నాలుగు గడులు చేయండి: సమయం, ఒంట్లో ఎక్కడ బిగుసుకుంది, మనసులో ఏముంది, ఎదుటివాళ్ళు ఏం చేశారు. రోజుకి మూడుసార్లు రాస్తే చాలు: పని మొదలెట్టిన పావుగంటకి, రద్దీ ఎక్కువగా ఉన్నప్పుడు, రాత్రి భోజనాల దగ్గర. ఒక్కో పూటకి రెండు లైన్లు మించొద్దు. ఎక్కువ రాయాలనుకున్నవాళ్ళు మూడో రోజుకే మానేస్తారు.

మాటలు కచ్చితంగా ఉండాలి. “బాగోలేదు” అని రాస్తే పనికిరాదు. విసుగా, భయమా, అవమానమా, అలసటా, ఆకలా? వీటన్నిటికీ మొహం దాదాపు ఒకేలా ఉంటుంది, మందు మాత్రం వేరు.

వారం మధ్యలో ఒకసారి, ఫోను ఎక్కడో ఆనించి, మీరు మామూలుగా పనిచేస్తుండగా పది నిమిషాలు వీడియో తీయండి. అందులో కనబడే ఇంటివాళ్ళకి, తోటివాళ్ళకి ముందే చెప్పండి. కొట్టయితే ఫోను మీ వైపుకే తిప్పి పెట్టండి, కొనుక్కునేవాళ్ళ మొహాలు పడకూడదు. తర్వాత రెండుసార్లు చూడండి. మొదట శబ్దం ఆపి బొమ్మ మాత్రమే. తర్వాత కళ్ళు మూసుకుని గొంతు మాత్రమే. రెండూ కలిపి చూస్తే మనం అన్న మాటల్ని సమర్థించుకోవడంలోనే సమయం పోతుంది.

3. కోపం కానివి ముందు ఏరేయండి

చాలామంది తెలుసుకోక నష్టపోయేది ఇక్కడే. మనసు శుభ్రంగా ఉన్నా మొహం కోపంగా కనబడే కారణాలు కొన్నుంటాయి. వీటికి సాధన అక్కర్లేదు, చిన్న సర్దుబాటు చాలు.

- కళ్ళజోడు పవరు మారింది. దూరంగా ఉన్న మనిషిని పోల్చుకోవడానికి కళ్ళు చిట్లిస్తారు, ఎదుటివాళ్ళకి అది కొరకొరా చూడటం. పరీక్ష చేయించుకోండి.
- గుమ్మానికి ఎదురుగా కూర్చుంటారు. ఎండ వెలుగు సూటిగా కళ్ళలో పడి, లోపలికి వచ్చే ప్రతి మనిషికీ నొసలు ముడి కనబడుతుంది. కుర్చీని కాస్త పక్కకి తిప్పండి.
- లైటు సరిగ్గా నెత్తిమీద ఉంది. కళ్ళ కింద నీడ పడి మొహం మాడినట్టుంటుంది. లైటు రెండు అడుగులు ముందుకి జరగాలి.
- ఫ్యాను, మిల్లు, జెనరేటరు హోరు. దాన్ని మించి వినబడటానికి గొంతు పెంచుతారు. గట్టి గొంతు ఎవరికైనా గద్దింపే. చప్పుడు తగ్గించలేకపోతే ఓ అడుగు దగ్గరికి వెళ్ళి మామూలు గొంతుతో చెప్పండి.
- నోట్లో పాన్. కారిపోకుండా గడ్డం పైకెత్తి “ఊ, ఊ” అంటారు. అడిగినవాళ్ళకి అది లెక్కలేనితనంగా తోస్తుంది. మన వైపు కొట్లలో మాట పట్టింపులు కొన్ని ఇక్కడే పుడతాయి. నోరు ఖాళీ చేసుకుని మాట్లాడండి, ఇంతకంటే తేలికైన సవరణ ఇంకొకటి లేదు.
- ఆకలి, నిద్రలేమి, గోపాల్‌పూర్ తీరం వైపు వేసవి ఉక్క. మధ్యాహ్నం మూడింటికి రోజూ పుస్తకంలో చిరాకే పడుతుంటే ముందు భోజనం వేళ మార్చి చూడండి.

4. ఒంటిని సరిచేసుకునే వరుస

రెండో వారం ఇది మొదలుపెట్టండి. వరుస ముఖ్యం: కింద నుంచి పైకి. మొహంతో మొదలుపెడితే నటన అవుతుంది, నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోతుంది. కింద బిగువు సడలితే మొహం దానంతటదే మెత్తబడుతుంది.

అడుగులు: రెండూ నేలకి ఆనాలి. కూర్చుని మోకాలు ఊపుతుంటే పక్కవాళ్ళకి తొందర అంటుకుంటుంది. పెద్దలు కాళ్ళు ఊపొద్దని కసిరేది ఊరికే కాదు.

పొట్ట, ఊపిరి: నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి. అంటే నిమిషానికి ఆరు. పన్నెండు ఊపిర్లంటే రెండు నిమిషాలు. బయటికి వదిలేది పొడవుగా ఉండటమే ఇందులో కీలకం. అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. గట్టిగా, లోతుగా పీల్చమన్నారని బలవంతంగా పీలిస్తే తల తిరుగుతుంది. అలా అయితే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

భుజాలు: ఒకసారి చెవుల దాకా ఎత్తి వదిలేయండి. వెనక్కి విరిచి బిగించకూడదు.

చేతులు: పిడికిలి విప్పి, అరచేతులు కనబడేలా ఉంచండి. నడుం మీద పెట్టుకుంటే గదమాయించినట్టుంటుంది.

దవడ: పై పళ్ళు, కింది పళ్ళు ఆనకూడదు. నాలుక అంగిట్లో తేలిగ్గా ఉండాలి.

నొసలు: చివర్న. వేలితో కనుబొమల మధ్య తాకి చూస్తే ముడి ఉందో లేదో తెలుస్తుంది.

గొంతు: మొదటి మాటని మామూలుకంటే కొంచెం నెమ్మదిగా అనండి. వాక్యం చివర దించండి.

ఎంత సాధన చేసినా కొన్ని మన చేతిలో ఉండవు. నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. వణుకుతున్న చేతిని దాచడానికి పెనుగులాడితే ఇంకా వణుకుతుంది. వీటిని ఆపబోకండి. ఊపిరి మీద దృష్టి పెట్టండి, అవే తగ్గుతాయి.

5. గడప దగ్గర రెండు నిమిషాలు

కొట్టు చిరాకు ఇంటికి, ఇంటి చిరాకు స్కూలుకి మోసుకెళ్ళేది గడప దాటేటప్పుడే. బండి ఆపాక, తాళం తీశాక, లోపలికి వెళ్ళకముందు పై వరుస ఒకసారి చేయండి. తర్వాత మనసులో ఒక పేరు పెట్టండి: “ఇది ఆ సప్లయరు మీద కోపం. లోపల ఉన్నవాళ్ళ మీద కాదు.” ఉన్న భావాన్ని మాటల్లో పెడితే దాని పోటు తగ్గుతుంది.

ఫోను చూసుకుంటూ గడప దాటొద్దు. లోపలివాళ్ళకి మొదట కనబడేది వంగిన తల, కనుబొమల కింద నుంచి చూసే చూపు. పిల్లవాడు పరిగెత్తుకొచ్చింది ఆ మొహం దగ్గరికే.

6. కౌంటరు దగ్గర మొదటి పది సెకన్లు

బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టు అనుకోండి. పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, కూతురి పెళ్ళికి గుడి శిఖరాల్లాంటి ఫోడా కుంభ అంచు చీర కావాలి. కుర్రాడు కుర్చీలోంచి లేవకుండా, గడ్డం ఎగరేసి “ఏటి?” అన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషికి అది మామూలు పలకరింపు. తెలుగు రాని ఆవిడకి మాత్రం ఎగిరిన గడ్డమే కనబడింది. రేటు అడిగింది. కుర్రాడు ఆవిడ చెప్పుల వైపు చూసి, తర్వాత చీర వైపు చూసి, రేటు చెప్పాడు. చెప్పుల మీద ఆ చూపు నిలిచింది ఒక్క సెకనే. ఆవిడ చీర మడత మీద నుంచి చెయ్యి తీసేసి, కొంగు సర్దుకుని, “మళ్ళీ వస్తాను” అంది. మళ్ళీ రాదు.

అదే పని ఈ వరుసలో చేయాలి:

- మనిషి గుమ్మంలోకి రాగానే, చేతిలో పని ఆపి తల ఎత్తడం (రెండు సెకన్లు)
- రద్దీలో ఉంటే చెయ్యి ఎత్తి చూశానని తెలియజేయడం. చూశాడని తెలిస్తే కాసేపు ఆగుతారు, చూడనట్టుంటే నిమిషం కూడా ఆగరు.
- వయసుకి తగ్గ వరుస కలపడం: మావుసి (పిన్ని), భాయినా (అన్న), అమ్మ, బాబు
- కూర్చోబెట్టడం. నిలబడి ఉన్న మనిషికి కూర్చుని రేటు చెప్పొద్దు, కూర్చున్న మనిషి మీదికి వంగి చెప్పొద్దు.
- వస్తువూ చిల్లరా కుడిచేత్తో, చేతికే. చేతిలో పెట్టడం కుదరకపోతే ట్రేలో పెట్టండి, విసరొద్దు.
- వెళ్ళేటప్పుడు, కొన్నా కొనకపోయినా, వచ్చినప్పటి మొహమే. కొననప్పుడు మొహం గంటు పెట్టుకుంటే మొదటి నవ్వు బేరం నవ్వేనని ఒప్పుకున్నట్టు.

7. భాష సగమే వచ్చినచోట

తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళు ఒడియా మాట్లాడేవాళ్ళ ముందు చేసే పొరపాటు గొంతు పెంచడం. అర్థం కానిది గట్టిగా చెప్తే అర్థం కాదు. దానికి బదులు వేగం తగ్గించి, వస్తువుని చేత్తో చూపించి, ఒక్కో వాక్యంలో ఒకే సంగతి చెప్పండి.

మూడు మాటలు నేర్చుకుంటే సగం బిగువు పోతుంది. “బసంతు” అంటే కూర్చోండి, అరచెయ్యి పైకి తెరిచి కుర్చీ చూపించండి. “టికే రుహంతు” అంటే కొంచెం ఆగండి, చూపు కలిపి అనండి. “బుఝిలి నాహిఁ” అంటే అర్థం కాలేదు, తల కొంచెం ముందుకి వంచి అనండి. పెద్దవాళ్ళని “ఆపణ” (మీరు) అనాలి, “తుమె” (నువ్వు) కాదు. పెద్దలు పిలిస్తే “ఆగ్యా” అని పలకండి.

తల పక్కకి ఊపడం మనకి “సరే”. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన డాక్టరు, అధికారి అది “కాదు” అనుకోవచ్చు. మందులు, డబ్బు, సంతకం సంగతుల్లో తల ఊపి ఊరుకోకుండా నోటితో కూడా అనండి.

8. దాచిపెట్టడం కాదు, చెప్పడం

ఈ విషయంలో మనకి అలవాటైన సలహా తప్పు. “కోపమొస్తే మింగెయ్, మొహంలో కనబడనీకు” అంటారు. పరిశోధకురాలు ఎమిలీ బట్లర్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఒకరికొకరు పరిచయం లేని ఆడవాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి, మనసు కలచివేసే సినిమా చూపించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరిని మాత్రం ఏ భావమూ బయటికి కనబడనివ్వొద్దన్నారు. అలా బిగబట్టినవాళ్ళతో మాట్లాడిన అవతలి మనిషికి కూడా రక్తపోటు పెరిగింది, స్నేహం కుదరలేదు. ముభావంగా ఉన్న మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో మన ఇళ్ళలో అందరికీ తెలుసు.

చెప్పే పద్ధతి మూడు ముక్కలు: నాకు ఏముంది, దేని వల్ల, నీ వల్ల కాదు.

“నాకు ఈ పూట చిరాగ్గా ఉందమ్మా. బ్యాంకు పని అవలేదు. నీ మీద కాదు, అరగంట వదిలెయ్.”

దీనికి పది సెకన్లు చాలు. వినేవాళ్ళలో “నా వల్లేనేమో” అన్న లెక్క అక్కడితో తెగిపోతుంది. స్టాఫుతో అయితే ఇంకా క్లుప్తంగా: “తలనొప్పిగా ఉంది, మొహం చూసి కంగారు పడకండి.” కానీ రోజూ ఇదే చెప్తుంటే అది చెప్పడం కాదు, మన బరువు వాళ్ళ నెత్తిన పెట్టడం. వారంలో రెండుసార్లు మించితే అసలు కారణం చూసుకోవాలి.

9. ఎదుటివాళ్ళ వేడి మనకి అంటుకుంటున్నప్పుడు

కేకలేస్తూ వచ్చిన మనిషి ముందు పూర్తి ప్రశాంతంగా, చిరునవ్వుతో నిలబడితే ఇంకా మండుతుంది. లెక్కచేయలేదనుకుంటాడు. ఇలా చేయండి:

1. ఎదురుబొదురుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి నిలబడండి, రెండున్నర మూడు అడుగుల దూరంలో. దారికి అడ్డంగా ఉండొద్దు.
2. మొదటి మాటలో అతని వేగానికి దగ్గరగా ఉండండి, గొంతు మాత్రం ఒక మెట్టు కింద: “అవును, మూడు రోజులైంది, మీరు రెండుసార్లు తిరిగారు.”
3. ప్రతి వాక్యానికీ కొంచెం కొంచెం నెమ్మదించండి. చాలాసార్లు అతనూ వెనకే దిగుతాడు.
4. దిగాక మాత్రమే పరిష్కారం చెప్పండి.

చెయ్యి ఎత్తినా, దారి మూసినా, తాగి ఉన్నా ఈ పద్ధతి పనికిరాదు. పక్కకి తప్పుకుని మనుషుల్ని పిలవండి.

10. తరచూ జరిగే పొరపాట్లు

చేతులు కట్టుకున్నాడు కాబట్టి వినడం లేదు. బయటి పుస్తకాల్లో ఇలా ఉంటుంది. మన బడుల్లో “చేతులు కట్టుకుని నిలబడు” అన్నది మర్యాద పాఠం. పెద్దల ముందు చేతులు కట్టుకున్న కుర్రాడు ఒదిగి ఉన్నాడు. భుజాలు, చూపు కూడా కలిపి చూడండి.

చూపు తప్పించాడు కాబట్టి అబద్ధం. మన దగ్గర పెద్దల కళ్ళలోకి సూటిగా చూడకపోవడం గౌరవం. అసలు వాలకం చూసి అబద్ధం పట్టుకోవడంలో మనుషులు ఎంత బలహీనులో 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేశారు: నూటికి 54 సార్లే సరైన జవాబు. బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది. ఈ నమ్మకంతో పనివాళ్ళ మీద దొంగతనం మోపడం అన్యాయం.

“మాటకి 7 శాతమే, మిగతా 93 ఒంటిదీ గొంతుదీ.” శిక్షణ తరగతుల్లో తెగ చెప్తారు. ఈ అంకెలకి మూలమైన పరిశోధకుడు ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలు విడివిడి మాటల మీద, అదీ ఇష్టమా అయిష్టమా అన్న భావం వరకే. మందు మోతాదు, వడ్డీ లెక్క, బస్సు వేళ మొహం చూసి తెలియవు. మాట సరిగ్గా ఉండాల్సిందే.

ఇంటర్వ్యూకి ముందు రెండు నిమిషాలు చేతులు చాచి నిలబడితే హార్మోన్లు మారతాయి. 2010లో వచ్చిన ఈ మాటని 2015లో రెండు వందల మందితో మళ్ళీ పరీక్షిస్తే హార్మోన్లలో మార్పు కనబడలేదు. ఆ రెండు నిమిషాలూ ఊపిరికి వాడుకోండి.

రోజంతా నవ్వు. బలవంతపు నవ్వులో చెంపలు కదులుతాయి, కళ్ళ చుట్టూ ముడతలు తరచూ రావు. ఆస్పత్రి వార్డులో, చావు ఇంట్లో అసలు పనికిరాదు. నవ్వు రానప్పుడు మెత్తటి నొసలు, నెమ్మది గొంతు చాలు.

11. మూడో వారం రోజువారీ చీటీ

- కళ్ళజోడు, వెలుగు, చప్పుడు సరిచూశాను
- గడప దగ్గర రెండు నిమిషాలు ఆగాను (కనీసం రెండుసార్లు)
- రద్దీలో దవడ ఒకసారి చూసుకున్నాను
- చిరాకుని పేరు పెట్టి చెప్పాను, లేదా చెప్పాల్సినంత లేదు
- చిల్లర చేతికిచ్చాను
- రాత్రి భోజనాల దగ్గర ఫోను పక్కన పెట్టాను

ఆరింటిలో నాలుగు పడితే ఆ రోజు బాగా గడిచినట్టే. వారం చివర, నిజం చెప్పే ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: “నేను వచ్చినప్పుడు అందరూ ఏం చేస్తున్నారు?” మాటలు ఆపేస్తున్నారంటే 4, 5 అంచెలు మరో వారం. మాటలు కొనసాగుతున్నాయంటే పని జరుగుతోంది.

రెండు వారాలకి పైగా దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర పట్టక, ఊరికే కన్నీళ్ళు వస్తుంటే అది ఒంటి తీరు సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.

12. తప్పిపోయిన రోజు

ఎంత సాధనలోనూ ఒక రోజు నోరు జారుతుంది, లేదా మొహం జారుతుంది. అదే రోజు, పడుకునేలోగా సరిచేయండి. నలుగురి ముందు విసుక్కుంటే నలుగురి ముందే చెప్పాలి; చాటుగా చెప్తే పోయిన పరువు చాటునే ఉండిపోతుంది.

చెప్పేటప్పుడు పిల్లవాడైతే కింద కూర్చోండి, మీ కళ్ళు అతని కళ్ళ ఎత్తుకి రావాలి. పెద్దవాళ్ళయితే వాళ్ళ దగ్గరికి మీరే నడిచి వెళ్ళండి, పిలిపించొద్దు. “పొద్దున మొహం అలా పెట్టాను, నీ తప్పేం లేదు” అని ఆగిపోండి. వెనకాల “కానీ నువ్వు కూడా...” తగిలిస్తే మొత్తం చెడుతుంది. తర్వాత వెంటనే నవ్వమని అడగకండి. కాసేపు పక్కన కూర్చుని, బఠాణీలు వలుస్తుంటే మీరూ నాలుగు వలవండి.